కూర్చున్న మనిషి

చైత్రం 19

ఆయన చొక్కాను కర్రతో ఎత్తి గుమ్మం బయట పడేశాను. అత్త చూసింది.

"పొద్దున్నేగా జడలబర్రె పేడ రెండు చేతులా పిసికి గోడకు చరిచావు. అప్పుడు లేని కర్ర ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందే?" అంది.

అత్తతో నేనెప్పుడూ ఏమీ అనను. కానీ పేడ వేరు. పేడ గడ్డి వాసన వేస్తుంది. ఇది వేరు. బేస్ క్యాంపులో దొరలూ దొరసానులూ వారాల తరబడి కూర్చుని తిన్నదంతా నీలం డ్రమ్ముల్లోకి చేరుతుంది. మంచుగడ్డ మీద గొయ్యి తవ్వడానికి లేదు. అక్కడే వదిలేస్తే దొరలు ఎవరెస్టు అనే జోమోలంగ్మా అమ్మవారికి కోపం. ఎవరో ఒకరు వీపున వేసుకుని, నుదుటికి పట్టీ తగిలించుకుని, కింద గోతుల దాకా మోయాలి. ఆ ఎవరో ఒకరు నా మొగుడు.

వేడినీళ్లు నేనే పెట్టాను. సబ్బు సగం అయ్యేదాకా రుద్దుకున్నాడు. అయినా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చోగానే నేను లేచి కిటికీ తెరిచాను.

"మూత సరిగ్గా బిగించకపోతే నడుస్తుంటే వీపు వెంట కారుతుంది," అన్నాడు. నేను అడగలేదు. ఎందుకు చెప్పాలి?

కింద పశువుల కొట్టంలో పక్క వేశాను. నాకు జలుబు చేసింది, నీకు అంటుకుంటుంది అన్నాను. సరే అన్నాడు.

నాకు జలుబు లేదు.

చైత్రం 20

నీళ్ల కుళాయి దగ్గర ఛోక్పా అక్క అందరికీ వినబడేలా అడిగింది. ఆమెకు లాడ్జి ఉంది, రేడియో ఉంది, అందుకని ఆమె మాట పెద్దది.

"ఏం యాంగ్జీ, మీ ఆయన ఈసారి ఏ దేశంవాళ్లను దించుకొచ్చాడు?"

"జపానువాళ్లది తేలిగ్గా ఉంటుందట, అన్నం తింటారుగా," అని ఇంకొకామె.

"జర్మనీవాళ్లదే బరువు. వాళ్లది సాసేజి."

"ఏమైనా అనండి, దొరల లోపలి సంగతులు తెలిసినవాడు ఈ లోయలో చుల్డిం ఒక్కడే."

నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఇంటికొచ్చి నోరు కడుక్కున్నాను.

అత్తకు చెప్తే, "మన ఆలుగడ్డల చేలో ఏటా వేసేదేమిటే? మన దొడ్డి కాదూ? ఆకులు కలిపి కుళ్లబెట్టి వెయ్యట్లేదూ?" అంది.

"అది మనది అత్తా."

"ఓహో. దొరలది అయ్యేసరికి కంపు కొడుతోందా నీకు?"

చైత్రం 22

ఆయన మళ్లీ పైకి వెళ్లాడు. ఇల్లంతా ధూపం వేశాను.

నన్ను చేసుకునేనాటికి ఆయన అన్నపూర్ణ ఎక్కినవాడు. మనాస్లు, మకాలు, ధవళగిరి ఎక్కినవాడు. మా రోల్వాలింగ్ లోయలో చలికాలం జలపాతాలు గడ్డకడితే కుర్రాళ్లకు తాడుపని నేర్పడానికి వచ్చాడు. నేను కట్టెల మోపు వెనక నిలబడి చూశాను. గడ్డకట్టిన నీటి మీద పైకి పోతుంటే ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. నేను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. అమ్మే మాట్లాడింది. పెళ్లయింది. ఆయన పేరు చెప్తే ఎదుటివాళ్లు కాస్త జరిగి చోటిచ్చేవాళ్లు.

పోయిన జ్యేష్ఠంలో పై నుంచి వచ్చాక, నేను పిండి కలుపుతుంటే చెప్పాడు.

"తాడు పక్కన ఒకతను కూర్చుని ఉన్నాడు. ఏ దేశమో తెలియదు. చెయ్యి ఎత్తాడు. మా దొర నడవమన్నాడు. తాడు అతని కాళ్ల మీదుగా ఉంది. దాటాను. దిగేటప్పుడు మళ్లీ దాటాను. అప్పుడు చెయ్యి ఎత్తలేదు."

మా ఇంట్లో పడుకున్నవాళ్ల కాళ్లు దాటితే అత్త మళ్లీ వెనక్కి దాటిస్తుంది.

"ఇంక పైకి పోను యాంగ్జీ. డ్రమ్ము మోస్తే ఎవర్నీ దాటక్కర్లేదు."

నేను పాపం అన్నాను. పిండి పులిసిపోతోందని కూడా అన్నాను.

చైత్రం 27

ఆంగ్ ఠుందు మామ వచ్చాడు. మా అమ్మకు తమ్ముడి వరస. జోమోలంగ్మా మీద ఒక పెద్ద బృందానికి నాయకుడు. అత్త లామాల మఠానికి, గోంపాకు వెళ్లింది. ఆయన పైన డ్రమ్ముల దగ్గర ఉన్నాడు. ఇంట్లో నేను ఒక్కదాన్నే.

"ఎవరూ లేరా? పోనీలే, నువ్వున్నావుగా. మనిషున్న ఇల్లు ఇల్లే," అంటూ కిటికీ కింద పెద్దవాళ్లు కూర్చునే చోట కూర్చున్నాడు. సంచిలోంచి చాంగ్ కల్లు నింపిన చెక్క కూజా తీశాడు. గిన్నె కూడా తనే తెచ్చుకున్నాడు.

"మీ అమ్మ చేతి చాంగ్‌లా ఉండదు. అయినా మా ఆవిడ మంచి బార్లీ వేసింది. రుచి చూడు."

వద్దన్నాను. మొదట వద్దనడం మర్యాద.

"వద్దంటావని తెలుసు. రోల్వాలింగ్ పిల్లలు మూడుసార్లు వద్దంటేగాని ఒకసారి ఊఁ అనరు," అని గిన్నె నా చేతిలో పెట్టాడు. ఒక గుక్క తాగాను. వెంటనే నింపాడు. తాగు, తాగు అన్నాడు. ఇంకో గుక్క తాగాను. మళ్లీ నింపాడు. మూడోసారి గిన్నె అడుగు కనబడేదాకా కూజా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. పెద్దవాడు. ఎదురుగా అలా పట్టుకుని ఉంటే ఏం చేస్తాను?

"చుల్డిం బాగున్నాడా?"

"బాగున్నాడు మామా."

"ఏం బాగు! అంత తాడుపనివాడు. ఆ చేతులతో ఇప్పుడేం మోస్తున్నాడో చెప్పాలంటే నేను నోరు కడుక్కోవాలి. నీకెలా ఉంటుందో నాకు తెలుసు పిల్లా. పైకి చెప్పుకోలేవు."

నాకు ఏడుపొచ్చింది. నాకెలా ఉంటుందో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"మా వాళ్లలో ఒకడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కిందికి దించేశారు. వాడి దొర శిఖరం చూడకుండా కదలనంటున్నాడు. నాకు మనిషి కావాలి. చుల్డింని పంపించు."

"అది ఆయన ఇష్టం కదా మామా."

"వాడి ఇష్టం నేనడగలేదే. గిన్నె ఖాళీ చేసింది ఎవరు?" అని నవ్వాడు. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. "ఇల్లు తాగింది. నేను వస్తా."

చైత్రం 28

వైశాఖంతో మా కొత్త సంవత్సరం వస్తుంది కదా, మర్యాదకు తెచ్చాడనుకున్నాను.

చైత్రం 29

గిన్నె అంచుకు వెన్న అద్ది ఉంది. మర్యాదకు తెచ్చే చాంగ్‌కు ఎవరూ వెన్న అద్దరు. ఏదైనా అడగడానికి తెచ్చే చాంగ్‌కే అద్దుతారు. రెండో గుక్కకు పెదవికి అంటింది. నాలుకతో తీసుకున్నాను.

అయినా నేను సరిగ్గా చూడలేదు.

వైశాఖం 2

ఆయన వచ్చాడు. చెప్పేపని నాకు లేకుండా, ఊళ్లో విని ఉన్న అత్తే చెప్పింది.

"నీ పెళ్లాం నీ తలకు చాంగ్ తాగింది."

"ఎవరి చాంగ్?"

"ఆంగ్ ఠుందుది. నిన్ను పైకి పంపమని."

నేను పొయ్యిలో పిడకలు సర్దుతున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"గిన్నెకు వెన్న ఉందా?"

"చూడలేదు."

"అడుక్కోవడానికి వచ్చినవాడి చాంగ్ ఒకరు తాగితే ఇల్లంతా తాగినట్టేనని మీ లోయలో చెప్పలేదా?" అంది అత్త. "పిల్లనడిగినా ఇవ్వాలి, చేనడిగినా ఇవ్వాలి. తాగి కాదంటే రేపు మన చావుకూ పెళ్లికీ ఎవడు మన గుమ్మం తొక్కుతాడు? కడుపునొప్పి అనలేకపోయావా? గిన్నె జారిపోయిందని కింద పారెయ్యలేకపోయావా? నోరు లేని పిల్లవనుకున్నాను. తాగడానికి మాత్రం ఉంది."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తన చేతులు వాసన చూసుకున్నాడు, అక్కడే, మా ఇద్దరి ముందు.

"నా దగ్గర అంత కంపు కొడుతోందా?" అన్నాడు.

లేదన్నాను. ఆ మాట అనడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

వైశాఖం 3

ఆయన మా కుండ నిండా చాంగ్ పోసుకుని ఠుందు మామ ఇంటికి వెళ్లాడు. తిరిగి ఇచ్చేస్తే ఒప్పుకుంటారేమోనని. మామ భార్య గుమ్మంలోంచే మాట్లాడిందట.

"మీ ఆవిడ కక్కిందే పట్టుకొస్తే తీసుకుంటాం. ఇది వేరే చాంగ్."

కుండ నిండుగానే తిరిగొచ్చింది. ఒలకకుండా తెచ్చాడు. అంత జాగ్రత్తగా ఎందుకు తెచ్చాడో.

మా అత్త దాన్ని పశువుల తొట్లో పోసింది.

వైశాఖం 5

చేను వెనక నల్లబండ మీద ఆయన సామాను సరిచూసుకున్నాడు. బూట్లకు తగిలించే ఇనప ముళ్లు, తాడు కొక్కేలు, నడుముకు కట్టుకునే పట్టీలు. ఏడాదిగా అటకమీద ఉన్నవి. పట్టీలకు ఎలుక కొరికిన చోట నేను కుట్టాను. గట్టిగా కుట్టాను. నా ఎడమ బొటనవేలికి సూది దిగింది.

తర్వాత ఊరికే బండ ఎక్కాడు. తాడు లేకుండా, ఉత్త చేతులతో. నేను కలుపు తీస్తున్నట్టు వంగి ఉండి చూశాను. నీళ్లు కిందికి కాక పైకి పారితే అలా ఉంటుందేమో. బండ అంచు మీద నిలబడి గాలి పీల్చుకున్నాడు. ముఖంలో ఏడాదిగా లేనిదేదో వచ్చింది. దిగి వచ్చాక ఆయన మెడ దగ్గర చెమట వాసన తప్ప ఏమీ లేదు.

ఆ రోజు కొట్టంలో పక్క వేయలేదు.

ఇందుకోసమే తాగావు కదూ, అని నన్ను నేను అడుక్కున్నాను. కాదు అన్నాను. ఠుందు మామ బలవంతం చేశాడు.

వైశాఖం 6

వెళ్లాడు. అత్త తెల్ల కండువా మెడలో వేసింది. నేనూ వేశాను. ఆయన నా వైపు చూడలేదని కాదు, చూశాడు. "కొట్టం తలుపు గడియ ఊడింది, జాగ్రత్త," అన్నాడు. అంతే.

వెళ్లినవాళ్ల అడుగులు ఊడవకూడదని చీపురు దాచాను.

వైశాఖం 11

కుళాయి దగ్గర ఛోక్పా అక్క నా బిందె అందుకుని ముందు పెట్టింది.

"జరగండే, శిఖరంవాళ్లావిడ వచ్చింది. మీ ఆయన సామాన్యుడా! ఆ దిక్కుమాలిన పని ఎన్నాళ్లు చేస్తాడనుకున్నావు? నేను అప్పుడే అన్నాను."

ఆమె అప్పుడేమందో నాకు గుర్తుంది. ఆమెకూ గుర్తుంది. ఇద్దరం నవ్వుకున్నాం. యాలకులు వేసి టీ ఇచ్చింది. తాగాను. ఎవరు ఏది ఇచ్చినా తాగుతాను.

అక్కడ నిలబడ్డంతసేపూ బాగానే ఉంది. ఇప్పుడు రాస్తుంటే మాత్రం కాదు.

వైశాఖం 19

ఆయన వదిలిన డ్రమ్ములు ఇప్పుడు కింది లోయ నుంచి వచ్చిన రాయ్ కులపు మనిషి మోస్తున్నాడు. సామాను కోసం మా ఊరి దారిన పోతున్నాడు. చుల్డిం దాయ్ ఇల్లు ఏదని, సొంత అన్నను అన్నట్టు, ఆగి అడిగాడు. మూత కింద రబ్బరు ముక్క వేస్తే కారదని ఆయన నేర్పించాడట. మంచినీళ్లు ఇచ్చాను. ఆ లోటా పొయ్యి బూడిదతో తోమి, మళ్లీ తోమి, గోడకు ఆనించి ఎండలో పెట్టాను.

అత్త చూసింది.

వైశాఖం 26

మంచు. కబురు లేదు.

వైశాఖం 27

కబురు లేదు. చీపురు లేక ఇల్లు ఎలా ఉందో చెప్పలేను. మూలల్లో ఎలుక పెంటికలు. మొన్నటి ఆలుగడ్డల తొక్కలు. అయినా ఊడవను.

జ్యేష్ఠం 4

ఛోక్పా అక్క లాడ్జిలో రేడియో చుట్టూ ఊరంతా చేరాం. గరగర. తర్వాత ఠుందు మామ గొంతు. శిఖరం మీద నిలబడ్డారు. చుల్డిం, అతని దొర, అందరూ.

అత్త అక్కడే కింద కూర్చుండిపోయి జపమాల కళ్లకు అద్దుకుంది. నన్ను ఎవరో కావలించుకున్నారు. ఇంకెవరో.

సాయంత్రం మరో మాట వచ్చింది. వేరే బృందంలో ప్రాణవాయువు సిలిండర్లు మోసే దెండి పోయాడట. నదికి అవతలి ఊరివాడు. పైగుడారంలో నిద్రలోనే పోయాడని వాళ్ల నాయకుడు చెప్పాడు. పెళ్లయి ఎంతో కాలం కాలేదు.

అత్త జపమాల మళ్లీ మొదటి పూస నుంచి తిప్పింది. నేను మా ఆయన బాగున్నాడనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను. దెండి గురించి ఇంటికి వచ్చేదాకా అనుకోలేదు.

జ్యేష్ఠం 9

వచ్చాడు. ముక్కు మీద తోలు లేచింది, పెదవులు పగిలాయి, వేళ్లన్నీ ఉన్నాయి. లెక్కపెట్టినట్టు కనబడకుండా చూసుకున్నాను. దొర ఇచ్చిన కొత్త కోటు వేసుకున్నాడు. ఎర్రది.

ఇల్లు నిండిపోయింది. ఠుందు మామ భార్య వచ్చి నా బుగ్గలు పట్టుకుని, "నువ్వు తాగబట్టే కదే ఇదంతా!" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మంచు పగుళ్ల మీద నిచ్చెన దాటుతూ దొర వాళ్ల అమ్మను తలచుకుని ఏడ్చిన సంగతి నటించి చూపించాడు. ఊళ్లోవాళ్లు పడీపడీ నవ్వారు. ఆయన ఇంత మాట్లాడగలడని నాకు తెలియదు.

"శరత్తులో మనాస్లుకు మొదటి తాడు నీదే," అన్నాడు ఠుందు మామ.

"నాది కాకపోతే ఎవరిది?" అన్నాడు ఆయన.

దానికి ఎవరూ చాంగ్ తేవలసిన అవసరం రాలేదు.

జ్యేష్ఠం 11

చేలో కలుపు తీస్తున్నాం. ఆయన ఈల వేస్తున్నాడు. పక్కసాలులో నేను. అత్త చివర ఉంది, వినబడదు. నేను అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. లేదంటాడనుకున్నాను.

"పైన ఈసారి ఎవరైనా ఉన్నారా? దారిలో?"

"దెండి ఉన్నాడు."

"గుడారంలో కదా."

"గుడారమా? అలా చెప్పారా?" అని నవ్వాడు. "తాడు పక్కన కూర్చున్నాడు. కళ్లకు మంచు అద్దాలు లేవు. నన్ను గుర్తుపట్టాడు. దాయ్ అన్నాడు."

నేను చేతిలోని గడ్డి గట్టు మీద వేశాను.

"భయపడ్డాను యాంగ్జీ. పోయినసారిలా అయిపోతానేమోనని. ఏమీ లేదు. కొక్కెం తీసి అతనికి అవతల తగిలించుకున్నాను, పోయాను. రెండోసారి అంత బరువుండదు."

మళ్లీ ఈల. సాలు చివరిదాకా వేరుతో సహా పీకాడు, ఎక్కడా తెంచలేదు. మంచి పనివాడు.

నేను గట్టు అవతలికి వెళ్లి వాంతి చేసుకున్నాను. అత్త వచ్చి వీపు నిమిరి, "ఏమైనా విశేషమా?" అంది. కాదన్నాను.

జ్యేష్ఠం 12

డ్రమ్ములు మోసి వచ్చినప్పుడు మనిషి మనిషిలాగే ఉండేవాడు. స్నానం చేసి వచ్చి మూల కూర్చునేవాడు. ఆయన్ని నేను కొట్టంలో పడుకోబెట్టాను.

ఈ మనిషికి నా పక్కన పక్క వేశాను.

జ్యేష్ఠం 13

దెండి ఇంట్లో కర్మ జరుగుతోందట. శవం రాదు. అంత పైనుంచి ఎవరూ దించరు.

"లామా పిలిచేది ప్రాణాన్ని," అంది అత్త. "ఎక్కడ కూర్చుని ఉందో తెలిస్తే అక్కడినుంచి పిలుస్తాడు. గుడారం అన్నారు, గుడారంలోంచే పిలుస్తున్నారు. వాళ్లకేం, అదృష్టవంతులు. నిద్రలో పోయాడు."

పాత్రలు తోముతున్నాను.

ఆయనకు చెప్పాను, వెళ్లి చెప్పు అని. జీవితంలో మొదటిసారి ఆయన్ని ఒక పని చెయ్యమన్నాను. లేదు, రెండోసారి. మొదటిసారి మామ గిన్నెతో చెప్పాను.

"ఏమని చెప్పను?" అన్నాడు. "బతికున్నవాణ్ణి దాటి పోయానని వాడి పెళ్లానికి చెప్పనా? వాళ్ల నాయకుడు మంచిపని చేశాడు. ఊరుకో."

జ్యేష్ఠం 15

నేనే వెళ్లాను. చెప్పాల్సిన మాటలు వంతెన దాకా వల్లె వేసుకుంటూ నడిచాను. మీ ఆయన గుడారంలో పోలేదు. తాడు పక్కన కూర్చుని ఉన్నాడు. నా మొగుడు చూశాడు. ఆగలేదు. ఇంతే. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పి వచ్చెయ్యాలనుకున్నాను.

ఆమె పేరు ఛిమీ. నాకంటే చిన్నది. గుమ్మంలో చెప్పులు, లోపల డోలు మోత, వెన్నదీపాల పొగ. నేను చుల్డిం భార్యనని చెప్పగానే లేచి వచ్చి చాప వేసింది.

మొదటి మాట చెప్పాను. రెండో మాట చెప్పాను. ఆమె లామా దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పింది. డోలు ఆగింది. ముసలాయన నా వైపు చూసి, తలాడించి, మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఛిమీ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నీకెలా తెలుసు అక్కా?"

"మా ఆయన చూశాడు."

"బతికున్నాడా అప్పటికి?"

"ఉన్నాడు."

"మీ ఆయన ఆగాడా?"

ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. ఆకలిగా ఉన్నవాళ్లు గిన్నె వైపు చూసినట్టు.

"ఆగాడు," అన్నాను.

"ఏమన్నాడు మా ఆయన?"

"వేడినీళ్లు అడిగాడట. ఇచ్చాడు. తాగాడు."

"తర్వాత?"

"తర్వాత నిద్రపోయాడు."

ఆమె నా చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు. చెయ్యి తడిసింది. వెనక్కి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. తర్వాత ఉడికించిన ఆలుగడ్డలు, మిరపకాయ నూరిన ముద్ద పెట్టింది. తినమంది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఇంకొకటి పెడితే అదీ తిన్నాను.

జ్యేష్ఠం 16

ఆయన చేలో ఉన్నాడు. వెళ్లి చెప్పాను.

"ఛిమీ దగ్గరికి వెళ్లొచ్చాను. నువ్వు ఆగావని చెప్పాను. వేడినీళ్లిచ్చావని చెప్పాను."

పార ఆగింది. అక్కడే సాలు మధ్యలో, మొక్కల మీదే కూర్చుండిపోయాడు. కోటు అంతా మట్టి. అత్త దూరం నుంచి, మొక్కలురా, మొక్కలు, అని అరుస్తోంది.

"ఫ్లాస్కు నిండా ఉంది," అన్నాడు.

"ఏమిటి?"

"నా ఫ్లాస్కు. పైనుంచి దిగొచ్చాక గుడారం దగ్గర పారబోశాను. నిండా ఉంది."

లేచి, చేతులు కూడా కడుక్కోకుండా వంతెన వైపు వెళ్లాడు. నేను పార తీసుకుని ఆయన వదిలిన చోటు నుంచి మొదలుపెట్టాను.

జ్యేష్ఠం 17

పొద్దు వాలుతుండగా వచ్చాడు. గుమ్మం ముందు రాతి మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వచ్చేదారిలో ఠుందు మామ ఇంటి ముందు ఆగి మనాస్లుకు రానని చెప్పాడట. మామ వాకిట్లో నిలబడి లోయంతా వినబడేలా తిట్టాడట. అది చెప్తుంటే ముఖంలో ఏమీ లేదు.

"ఛిమీకి చెప్పావా?" అన్నాను.

"చెప్పాను."

"ఏమంది?"

"నన్నేమీ అనలేదు. లామా ముందు చెప్పమంది. మళ్లీ చెప్పాను. తర్వాత నీ గురించి అడిగింది."

"ఏమని?"

"ఆలుగడ్డలు తినేటప్పుడే, మీరు ఆగలేదని ఆవిడకు తెలుసా, అంది."

పక్కింటివాళ్ల పశువులు దారిలో పోతున్నాయి.

"నువ్వేమన్నావు?"

"తెలుసన్నాను."